అజ్ఞాత వాహనం

మా ఇంటికి రోజూ ఉదయం ఏడింటికి హిందీ పేపరు వస్తుంది. నేను ముందు మూడో పేజీ తెరుస్తాను. మొదటి పేజీలో దేశం సంగతులుంటాయి, వాటిలో ఏది నిజమో నేను వెళ్ళి చూసి రాలేను. మూడో పేజీలో భిలాయి సంగతులుంటాయి. వాటిని చూసి రావచ్చు, చాలాసార్లు చూసి వచ్చాను కూడా. క్యాంప్ 2లో ఆటో బోల్తా పడిందని రాస్తే సైకిలేసుకుని వెళ్ళి, అది పడింది క్యాంప్ 2లో కాదనీ, దానికి ఇవతల మలుపులోననీ తేల్చుకుని వచ్చిన రోజులున్నాయి. రుఆబాంధాలో ఎవరో ఆవిడ మెడలో గొలుసు తెంపుకుపోయారని చదివితే, గొలుసు బంగారమేనా అన్నది నా మొదటి ప్రశ్న. మా ఆవిడ వంటింట్లోంచి "అయ్యో పాపం" అంటుంది. "పాపం తరవాత, ముందు నిజమో కాదో తేలనీ" అంటాను నేను. పెళ్ళయి నలభై ఏళ్ళు, మా పొద్దులు ఇలాగే మొదలవుతాయి.

ఈ అనుమానం నాకు పుట్టుకతో రాలేదు, ఉద్యోగంతో వచ్చింది. స్టీల్ ప్లాంటులో ట్రాఫిక్ విభాగం అంటే బయటివాళ్ళు కార్లూ బస్సులూ అనుకుంటారు. మా ట్రాఫిక్ అంటే రైళ్ళు. ఖనిజం, బొగ్గు, కరిగిన ఇనుము అన్నీ లోపల పట్టాల మీదే తిరుగుతాయి. ఆ వ్యాగన్లని విడదీసి, కలిపి, ఒక లైను నుంచి ఇంకో లైనుకి పంపే పని నాది. ఆ పనిలో మొదటి రోజు నేర్పింది ఒక్కటే: ఎవరు చెప్పినా నమ్మకు. పట్టాలు చీలే చోట పాయింటు మార్చామంటే నడిచి వెళ్ళి చూడు. బ్రేకు కట్టామంటే చేత్తో పట్టుకుని చూడు. నమ్మి కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ కథలు చెప్పి మరీ నేర్పారు. ముప్పై ఆరేళ్ళు అలా బతికి, రెండు కాళ్ళతోనే రిటైరయ్యాను. ఆ తరవాత చూడడానికి పాయింట్లు లేవు కాబట్టి పాలవాణ్ణి, గ్యాస్ బండ తెచ్చేవాణ్ణి, వాట్సాప్‌లో వచ్చే ప్రతి కబురునీ అదే కంటితో చూడడం మొదలుపెట్టాను.

మేముండేది ఖుర్సీపార్‌లో. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ప్లాంటులో చేరినప్పటి నుంచీ ఇక్కడే. మా వీధి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గడప దిగితే రోడ్డే. చివర మలుపు తిరిగితే పెద్ద రోడ్డు. కిందటేడు వానలు తగ్గాక వీధికి కొత్తగా తారు వేశారు. అంతవరకూ మమ్మల్ని కాపాడింది గుంతలేనని తారు వేశాకే తెలిసింది. సిగ్నల్ దగ్గర ఆగడం ఇష్టంలేని ప్రతివాడూ మా వీధిలోకి దూరడం మొదలుపెట్టాడు. ఒకాయన చేతిసంచీ బైకు హ్యాండిల్‌కి తగులుకుని పది అడుగులు పోయింది. కూరగాయలు పోతే పోయాయి, ఆయన నిలబడ్డాడని అందరూ సంతోషించారు. నేను సంతోషించలేదు. ఇవాళ సంచీ, రేపు చెయ్యి అన్నాను.

మునిసిపాలిటీకి అర్జీ ఇచ్చాను, రసీదు కూడా తీసుకున్నాను. ఆ రసీదు మీద ముద్ర సగమే పడింది కాబట్టి దాని మీదా నాకు నమ్మకం కలగలేదు. మూడు వారాలు చూసి, స్పీడ్ బ్రేకర్ నేనే కట్టాను.

భిలాయిలో ఎవరు ఏది కట్టినా అందులో స్లాగ్ ఉంటుంది. ఇనుము కరిగించినప్పుడు మిగిలే రాయిలాంటి పదార్థం అది. పునాదుల్లో అదే, గుంతల్లో అదే, పెరట్లో బురద కాకుండా పోసేదీ అదే. ఒక బండెడు స్లాగ్ తెప్పించి, సిమెంటు కలిపి, మలుపుకి పది అడుగుల ముందు రోడ్డుకి అడ్డంగా వేశాను. ఎత్తు ఎంతుండాలో ఎవరినీ అడగలేదు. యార్డులో వ్యాగన్ దొర్లిపోకుండా పట్టా మీద చక్రం ముందు ఇనప స్కిడ్ పెడతాం. చక్రం దాన్ని ఎక్కి ఆగిపోవాలి. నా చేతులకి తెలిసింది ఆపడమే. నెమ్మది చేయించడం వేరే పని అని నాకు తట్టలేదు. దిమ్మ జానెడు ఎత్తు వచ్చింది.

దానికి తెల్లచారలు వెయ్యమని వీధిలోవాళ్ళు చెప్పారు. నేను వెయ్యలేదు. చారలుంటే దూరం నుంచే చూసి, మురుగుకాలవ పలకల మీదుగా తప్పుకుని పోతారని నా అనుమానం. కనిపించకపోతే ఒకసారి ఎగిరి పడతారు, రెండోసారి బుద్ధిగా వస్తారు. దాన్ని నేను తెలివి అనుకున్నాను. మొదటి వారం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, ఎగిరినవాళ్ళని చూసి నవ్వుకున్నాను కూడా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా జరిగింది అదే.

ఆ చలికాలంలోనే ఒకరోజు తెల్లవారుజామున అయిదున్నరకి మా ఆవిడ పాల బూతుకి వెళ్ళి వస్తూ మలుపు దగ్గర పడిపోయింది. మంచు, పొగ కలిసి వీధి లైటు కూడా సరిగా కనిపించని వేళ. పాల కోసం వెళ్ళిన ఇద్దరు ఆవిణ్ణి చెరోపక్కా పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర వంకర తిరిగి ఉంది. చీర కుచ్చిళ్ళ నిండా పాలు, మట్టి. నలభై ఏళ్ళలో ఆవిడ నొప్పితో మూలగడం నేను వినలేదు, ఆ పొద్దున విన్నాను.

ఆసుపత్రిలో ప్లాస్టర్ వేసి ఆరు వారాలు కదపొద్దన్నారు. ఆటోలో తిరిగి వస్తూ అడిగాను.

"ఏ బండి?"

"ఏదో బండి. తగిలీసి వెళ్ళిపోయింది."

"బైకా, స్కూటీనా?"

"చూళ్ళేదు."

"మగా, ఆడా?"

"చూళ్ళేదన్నాను కదండీ. నొప్పిగా ఉంది, ఊరుకోండి."

ఆ మాట అంటూ ఆవిడ రోడ్డు వైపు తిరిగింది. అబద్ధం చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూపించదు. మా అబ్బాయి పదో క్లాసులో లెక్కలు తప్పినప్పుడు కూడా ఇలాగే నాకు వీపు చూపించి వంకాయలు తరిగింది. ఆ క్షణాన నాకు మొదటి అనుమానం వచ్చింది. ఈవిడకి తెలుసు, చెప్పడం లేదు.

మర్నాడు మూడో పేజీలో వార్త వచ్చింది. మా వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టింది అక్కడికి చేరినట్టుంది. ఖుర్సీపార్‌లో అజ్ఞాత వాహనం ఢీకొని వృద్ధురాలికి గాయాలు అని రెండు వాక్యాలు. వీధి తప్పు, వయసు ఆరేళ్ళు ఎక్కువ.

"నేను వృద్ధురాలినా?" అంది మా ఆవిడ. చెయ్యి విరిగినందుకు కాదు, ఆ మాటకి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నా కోపం అజ్ఞాత వాహనం మీద. ఇన్నేళ్ళుగా ఆ మాట పేపర్లో చదువుతున్నాను, మా ఇంటికొచ్చేసరికి ఒళ్ళు మండింది. ప్రతి బండికీ నంబరుంటుంది, ప్రతి నంబరుకీ ఒక మనిషుంటాడు. ఎవరూ వెతకడానికి ఓపిక చెయ్యని బండినే అజ్ఞాత వాహనం అంటారు. నేను ఓపిక చేస్తానని ఆవిడతో చెప్పాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. దాన్ని కూడా గుర్తుపెట్టుకున్నాను.

ముందు మలుపులో ఉన్న కిరాణా కొట్టు కెమెరా చూడడానికి వెళ్ళాను. అది కొట్టు షట్టరుని తప్ప ఇంకేమీ చూడదు. రోడ్డు వైపు తిప్పితే పోలీసులు సాక్ష్యానికి పిలుస్తారని కొట్టాయన భయం. ఆవిణ్ణి ఇంటికి తెచ్చిన ఇద్దరినీ అడిగితే, బండి చూళ్ళేదన్నారు. గ్రూపులో అడిగాను. ఏడుపు బొమ్మలు, దండం పెట్టే చేతులు వచ్చాయి, ఆ తరవాత ఎవరో పాత కూలర్ అమ్మకానికి పెట్టారు. దాంతో ఇక బుర్రకి పని చెప్పాను. భిలాయిలో వేళని గడియారంతో కాదు, షిఫ్టుతో లెక్కపెడతాం. అయిదున్నరకి చలిలో బండి తీసేవాడు ఆరింటి ఫస్ట్ షిఫ్టుకి వెళ్ళేవాడు తప్ప ఇంకెవరూ ఉండరు. మా వీధిలో ఆ వారం ఫస్ట్ షిఫ్టు ఎవరిదో వేళ్ళ మీద లెక్కపెడితే ముగ్గురు తేలారు. ఒకతను సెలవులో ఊరికెళ్ళాడు. ఒకతను సైకిల్ మీద వెళ్తాడు. మూడో అతని దగ్గరికి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది.

అతనిది మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. విజయనగరం వైపువాళ్ళు. ప్లాంటులో ఠేకేదార్ల కింద, అంటే కాంట్రాక్టర్ల దగ్గర, పాతికేళ్ళుగా పని చేస్తున్నాడు. నేను పర్మనెంటు, అతను కాంట్రాక్టు. ఒకే గేటులోంచి వెళ్ళినా జీతం వేరు, క్యాంటీన్ వేరు. అయినా మా ఆవిణ్ణి అతను అప్పా అని పిలుస్తాడు, మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. నన్ను బావా అంటాడు. ఆవిడ తోడబుట్టినవాళ్ళు దూరంగా ఉన్నారు. ఇక్కడి హిందీవాళ్ళని చూసి మేం రాఖీ నేర్చుకున్నాక, ఇరవై ఏళ్ళుగా ఆవిడ అతని చేతికే కడుతోంది. ఏ షిఫ్టయినా సరే ఆ రోజు తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తాడు.

అలాంటివాణ్ణి అనుమానించడం నాకు ఇష్టంగా ఉందని అనుకోవద్దు. కానీ ఒకసారి వేలు పడ్డాక కళ్ళు ఊరుకోవు. అతని బైకు ముందు ఎడమ ఇండికేటర్ కొత్తది, మిగిలిన మూడూ వెలిసిపోయినవి. ఎప్పుడూ మా మలుపులోంచి వెళ్ళేవాడు, ఆ రోజు నుంచి వెనక వీధి చుట్టి వెళ్తున్నాడు. అన్నిటికంటే పెద్ద సాక్ష్యం అతని భార్య. రోజూ పొద్దున్నే గిన్నెలో కూరతో వచ్చి, "వదినా, తల దువ్వీనా" అని మా ఆవిడ వెనక కూర్చుంటుంది. ఒంటిచేత్తో జడ వేసుకోలేదు కదా, మంచితనమే అనుకోవచ్చు. నాకు అలా అనిపించలేదు. తప్పు చేసినవాళ్ళ ఇంట్లో పొయ్యి తొందరగా వెలుగుతుంది అనుకున్నాను. అతను మాత్రం ఒక్కసారే వచ్చాడు. గుమ్మంలో నిలబడి ప్లాస్టర్ వైపు చూసి, "ఎలగుంది అప్పా" అని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అతని ఠేకేదార్ గడువు ఆ నెలాఖరుకి అయిపోతోంది. కొత్త ఠేకేదార్ దగ్గర చేరాలంటే కొత్త గేట్ పాస్ కావాలి. గేట్ పాస్‌కి పోలీసు వెరిఫికేషన్ కావాలి. హవల్దారు వీధికి వచ్చి ఇరుగుపొరుగుని అడిగి, ఇద్దరి సంతకాలు తీసుకుంటాడు. మనిషిని గుద్ది పారిపోయాడని ఎవరైనా ఒక్కమాట అంటే ఆ ఫారం అక్కడే ఆగుతుంది. పాస్ లేకపోతే గేటు దాటలేడు. యాభై దాటినవాడి కోసం ఠేకేదార్ ఎదురుచూడడు, ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. ఇదంతా నాకు బాగా తెలుసు. సంతకానికి హవల్దారు ముందు మా ఇంటికే వస్తాడని కూడా తెలుసు, ఎందుకంటే వీధిలో రిటైరైన పర్మనెంటు మనిషిని నేనొక్కణ్ణే.

ఒక సాయంత్రం కిరాణా కొట్టు దగ్గర అతను కనిపించాడు. నలుగురున్నారు. నాకు అదే కావలసింది.

"ఏరా, ఆ ఇండికేటర్ ఎప్పుడు మార్చేవు?"

"మొన్న బావా. లోపల స్టాండులో ఎవడో గుద్దీసేడు."

"ఏ రోజు?"

"గుర్తులేదు."

"మీ అప్ప పడిన రోజు గుర్తుందా?"

అతని చేతిలో పప్పు పొట్లం ఉంది. దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. "ఏటి బావా, అలగ అడుగుతున్నావు" అన్నాడు మెల్లగా.

"నువ్వేనని అనలేదు. గుర్తుందా అనడిగాను."

అతను బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. స్టార్ట్ కూడా చెయ్యలేదు. కొట్టు దగ్గర ఉన్నవాళ్ళు నా మొహం కేసి చూశారు. నేను గెలిచినట్టు ఇంటికొచ్చాను. రాత్రి తొమ్మిదయ్యేసరికి గ్రూపులో ఎవరూ పేరు చెప్పకుండానే అందరూ అతని గురించే మాట్లాడుకుంటున్నారు.

మర్నాటి నుంచి అతని భార్య రావడం మానేసింది. మా ఆవిడ తల చిక్కులు పట్టి భుజాల మీద పడి ఉండేది. నేను దువ్వుతానంటే వద్దంది. మూడో రోజు అన్నం దగ్గర అడిగింది.

"ఆడి నోటికాడ కూడు తీసేస్తారా?"

"నేనెవరి కూడూ తియ్యడం లేదు. నిజం అడుగుతున్నాను. ఆడేనా, కాదా?"

"నేను చూళ్ళేదు."

"నా మొహం చూసి చెప్పు."

ఆవిడ కంచం వైపే చూసింది. రాఖీ కట్టిన చెయ్యి కదా, కాపాడుకుంటోంది అనుకున్నాను. కట్టుకున్న మొగుడికంటే కట్టిన దారం ఎక్కువైపోయిందా అనుకుంటూ కంచం ముందు నుంచి లేచిపోయాను. హవల్దారు వస్తే చెప్పేద్దామని ఆ రాత్రే తీర్మానించుకున్నాను. నేను చెయ్యబోయేది పగ కాదు, బాధ్యత అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నిజంగా బాధ్యతే అయితే అన్నిసార్లు చెప్పుకోవలసిన పని ఉండదని ఇప్పుడు తెలుస్తోంది.

హవల్దారు నాలుగు రోజుల తరవాత వచ్చాడు, పొద్దున పదింటికి. పెద్ద వయసువాడు, మోకాళ్ళ నొప్పులు. వాకిట్లో రెండు కుర్చీలు వేశాను. ఒకదాంట్లో కూర్చుని, ఒళ్ళో ఫైలు పెట్టుకుని, అతని పేరు చదివి, ఎన్నాళ్ళుగా తెలుసు అని హిందీలో అడిగాడు. ఇరవై ఏళ్ళకి పైనే అన్నాను. తాగుతాడా, కొట్లాటలు ఉన్నాయా అన్నాడు. లేవన్నాను. "కోయీ షికాయత్? ఏదైనా ఫిర్యాదు ఉందా?" అన్నాడు.

"ఒక అనుమానం ఉంది సాబ్" అన్నాను.

హవల్దారు కలం ఎత్తి పట్టుకున్నాడు. "మూడు వారాల కిందట మా ఆవిణ్ణి..." అని నేను మొదలుపెట్టగానే తలుపు దగ్గర అలికిడయింది. మా ఆవిడ బయటికి వచ్చింది. విరిగిన చెయ్యి మెళ్ళో గుడ్డకి వేలాడుతోంది. ఇంటికొచ్చిన పోలీసుల ముందుకి ఆవిడ ఎన్నడూ రాలేదు. వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, తన హిందీలో, తడబడకుండా చెప్పింది.

"నన్నెవరూ గుద్దలేదు భయ్యా. చీకట్లో కనిపించక ఆ బ్రేకర్‌కి కాలు తగిలి పడ్డాను. సిగ్గుపడి, బండి తగిలిందని ఇంట్లో చెప్పాను. ఈయన అది పట్టుకుని ఊరంతా తిరుగుతున్నారు."

హవల్దారు తల తిప్పి మలుపు కేసి చూశాడు. మా వాకిట్లోంచి దిమ్మ కనిపిస్తుంది. బూడిదరంగు, ఒక్క చార లేదు. "అదా? నేను కూడా ఇప్పుడు దాని మీద ఎగిరే వచ్చాను. నడుం పట్టేసింది" అన్నాడు. "ఇలా ఇష్టమొచ్చినట్టు కట్టడం నేరం తెలుసా? ఎవరైనా చస్తే కట్టినవాడి మీదే కేసు. ఎవరు కట్టారది?"

వీధిలో అందరికీ తెలుసు ఎవరు కట్టారో. మా ఆవిడ జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అది భయమని ఒప్పుకోవడానికి ఇప్పుడు అభ్యంతరం లేదు. మూడు వారాలుగా నలుగురిలో నిలబెట్టి అందర్నీ ప్రశ్నలు అడిగినవాణ్ణి, నన్ను ఒక్క ప్రశ్న అడిగేసరికి కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

చివరికి ఆవిడే అంది. "క్యా మాలూమ్ భయ్యా. ఎవరు కట్టేరో మాకు తెలీదు."

హవల్దారుకి అంతకంటే తెలుసుకోవాలని లేదు. అతని ఫారంలో రాయవలసింది గేట్ పాస్ మనిషి గురించే. ఫిర్యాదు లేదు అని రాసి, నా ముందు పెట్టాడు. సంతకం పెట్టాను.

హవల్దారు వెళ్ళాక తలుపు వేసి అడిగాను. "నిజంగా కాలు తగిలే పడ్డావా?"

ఆవిడ మంచం మీద కూర్చుంది. ఈసారి నా మొహం చూసే చెప్పింది. "ఆడి బండే. మెల్లగానే వస్తున్నాడు, లైటు కూడా వేసే ఉంది. ఆ మంచులో మీ దిమ్మ కనిపించలేదు ఆడికి. బండి గాల్లోకి లేచి, పక్కకి తిరిగి నా మీద పడింది. బండి అక్కడే పారేసి నన్నెత్తి ఏడిచేడు. నేనే పొమ్మన్నాను. పాస్ పనుంది, ఇప్పుడు నీ పేరు రాకూడదు, నా మీద ఒట్టు, ఎవరికీ చెప్పకు, పో అన్నాను. ఆడు బూతు దగ్గర ఆ ఇద్దరికి చెప్పి, ఆళ్ళు నన్ను పట్టుకున్నాక గానీ కదల్లేదు. ఆళ్ళకీ నేనే చెప్పొద్దన్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు ఊరుకుంటారా? ముందు ఆడి మీద పడతారు. ఆడి తప్పు కాదని తెలిసేక మీ మీద మీరు పడతారు. రెండూ నేను చూళ్ళేను."

నేను పోగేసిన సాక్ష్యాలన్నీ నిజమే. షిఫ్టు నిజం, ఇండికేటర్ నిజం, కూర గిన్నె నిజం. ఒక్కటే చూడలేదు, రోజూ కళ్ళెదురుగా ఉన్నది. కొట్టు దగ్గర నలుగురి ముందు నిలబెట్టినప్పుడు, నీ దిమ్మే నన్ను ఎగరేసింది బావా అని అతను ఒక్కమాట అంటే నా నోరు మూతపడేది. అప్ప మీద ఒట్టు ఉంది కాబట్టి పప్పు పొట్లం చేతులు మార్చుకుంటూ నిలబడ్డాడు. అది తలుచుకుని ఆ మధ్యాహ్నం నేను అన్నం తినలేకపోయాను.

సాయంత్రం గునపం తీసుకుని దిమ్మ పగలగొట్టడం మొదలుపెట్టాను. గట్టిగా కట్టాను కదా, రెండు రోజులు పట్టింది. వీధిలోవాళ్ళు ఎందుకంటే, మునిసిపాలిటీవాళ్ళు సరైనది వేస్తారట అన్నాను. అదీ అబద్ధమే. మూడో రోజు నుంచి అతని భార్య మళ్ళీ దువ్వెన పట్టుకుని రావడం మొదలుపెట్టింది. ఆమె మొహం చూడలేక నేను ఆ వేళకి పేపరు తీసుకుని డాబా ఎక్కేవాణ్ణి.

కొత్త పాస్ వచ్చిన రోజు అతను సెకండ్ షిఫ్టుకి వెళ్తూ మా ఇంటి ముందు ఆగాడు. చేతిలో పేడాల డబ్బా. మెళ్ళో పాస్ వేలాడుతోంది, ఫొటోలో అతను ఎవరో కొత్తమనిషిలా ఉన్నాడు. మా ఆవిడకి ఒకటి పెట్టి, నా చేతిలో రెండు పెట్టాడు.

"నీ సంతకం వల్లే బావా. మనసులో ఏటున్నా అది పెట్టుకోకుండా రాసేవు. పెద్దమనిషివి."

"ఏదో, నా చేతనయింది" అన్నాను. ఒక పేడా నోట్లో వేసుకున్నాను. అతను నవ్వుతూ బండి దగ్గరికి వెళ్ళాడు.

మా ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది. ప్లాస్టర్ తీసేశారు, చెయ్యి మాత్రం పూర్తిగా తిరగడం లేదు, నీళ్ళ బిందె ఎత్తలేదు. ఆ చేతిని ఇంకో చేత్తో నెమ్మదిగా రుద్దుకుంటూ, అతను వెళ్తున్న వైపు చూస్తూ అంది.

"ఆ రోజు హవల్దారు దిమ్మ ఎవరు కట్టేరని అడిగితే నేను వెంటనే చెప్పలేదు. చూసేరా?"

"చూశాను."

"మీరు చెప్తారేమోనని ఆగేను." చెయ్యి రుద్దుకోవడం ఆపి మళ్ళీ అంది. "ఇప్పుడు కూడా ఆగేను."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదకి దిగాను. అతను అప్పటికి కిక్ కొట్టాడు. నన్ను చూసి ఇంజను ఆపేశాడు.

"ఏరా, ఆ సంతకం నేను నీకోసం పెట్టలేదు" అన్నాను. "ఆ రోజు నీ పేరు చెప్పీడానికే కూర్చున్నాను."